ఛామనఛాయ ముఖానికి గుంతల వైద్యం: నా అనుభవం

నా బుగ్గల మీద మొటిమల గుంతలు ఇప్పుడు దాదాపు సగం తగ్గాయి. ముక్కు పక్కన తెరుచుకుని కనిపించే రంధ్రాలు కొంచెం సన్నబడ్డాయి. పూర్తిగా పోలేదు, పోవు కూడా. 2023 జూన్‌లో మొదలుపెడితే 2025 జూన్‌కి ఇక్కడిదాకా వచ్చాను. ఖర్చు లక్ష దాటింది. అందులో రూ.45,000, దాదాపు ఎనిమిది నెలల కాలం మొదటి క్లినిక్ ఖాతాలో పోయాయి. ఈ వైద్యం గురించి వెతికితే దొరికే వీడియోలన్నీ దాదాపు తెల్లగా ఉండేవాళ్లవే. వాళ్లకి నాలుగు రోజులు ఎర్రబడి తగ్గిపోయేది మనకి నాలుగు నెలలు నల్లగా ఉండిపోవచ్చు. అది నాకు ముందే చెప్పినవాళ్లు లేరు, అందుకే రాస్తున్నాను.

నేను కన్‌స్ట్రక్షన్ సైట్ ఇంజినీర్‌ని. వయసు 30. ఛామనఛాయ అని మా అమ్మ అంటుంది గానీ, రోజంతా ఎండలో తిరిగి తిరిగి నలుపుకే దగ్గరగా ఉంటాను. ఇంటర్‌లో మొదలైన మొటిమలు ఇంజినీరింగ్ అయిపోయినా వదల్లేదు. చివరికి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడాక 2022లో ఆగాయి. మొటిమలు ఆగాయన్న సంతోషం ఎంతోకాలం లేదు. కింద ఏం మిగిలిందో అప్పుడు కనిపించింది. చెల్లి పెళ్లి ఫొటోల్లో పక్కనుంచి లైటు పడిన ప్రతి ఫొటోలోనూ నా బుగ్గ గతుకుల రోడ్డే. ఆల్బమ్ చేసినతను చెప్పకుండానే నా ముఖం నున్నగా చేసి పంపాడు. ఎక్కువ బాధ అనిపించింది అదే.

అప్పట్లో ఉద్యోగం హైదరాబాద్‌లో. ఒక లేజర్ క్లినిక్‌కి వెళ్లాను. పేరు రాయను. అక్కడ ముందు మాట్లాడింది డాక్టర్ కాదు, కౌన్సెలర్ అని ఒకమ్మాయి. ముఖం దూరం నుంచే చూసి, ఆరు సెషన్లు పడతాయని, ఈరోజే కడితే డిస్కౌంట్ అని కాగితం మీద లెక్క వేసి చూపించింది. రూ.45,000 ముందే కట్టించుకున్నారు. డాక్టర్ గదిలోకి వచ్చి వెళ్లింది ఐదు నిమిషాలు. ఎండలో పని చేస్తారా, గాయం తగిలితే నల్లటి మచ్చ పడుతుందా, ఇవేమీ అడగలేదు. ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్ చేశారు.

మొదటి వారం బాగానే ఉంది. సన్నటి చెక్కులు కట్టి రాలిపోయాయి. కింద చర్మం నున్నగా వచ్చిందని రూమ్మేట్లు కూడా అన్నారు. మూడో వారంలో బుగ్గల మీద, కణతల మీద చుక్కలు చుక్కలుగా నల్లబడటం మొదలైంది. లేజర్ పడిన గళ్లు గళ్లుగానే నలుపు దిగింది. ఫోన్ చేస్తే అందరికీ ఇలాగే ఉంటుంది, రెండో సెషన్‌లో పోతుంది అన్నారు. నేను వెళ్లలేదు. డబ్బు వెనక్కి అడిగితే ప్యాకేజీ రీఫండ్ ఉండదని, కావాలంటే మిగతా సెషన్లు హెయిర్ రిమూవల్‌కి మార్చుకోమని చెప్పారు. ఆ నలుపు దాదాపు సంక్రాంతి వరకు ఉంది. ఆ నెలల్లో వీడియో కాల్ వస్తే కెమెరా ఆపేసేవాణ్ణి.

ఇది ఎందుకు జరిగిందో తర్వాత తెలిసింది. ఆ లేజర్ పైచర్మాన్ని సన్నసన్నగా కాల్చుకుంటూ లోపలికి దిగుతుంది. మన చర్మంలో రంగు తయారుచేసే కణాలు ఊరికే రెచ్చిపోతాయి. వేడి తగిలినా, గిల్లినా, మొటిమ వాచినా అవి రంగును కుమ్మరిస్తాయి. సీఓటూ లేజర్ మన రంగువాళ్లకి అసలు చేయకూడదని కాదు. తక్కువ పవర్‌తో, ముందూ వెనకా క్రీములతో, ఎండ తగలకుండా చేయాలి. నాకు ఆ మూడూ లేవు.

2023 చివర్లో విజయవాడకి బదిలీ అయింది. ఫిబ్రవరిలో ఒక డెర్మటాలజిస్ట్‌ని కలిశాను. ఈసారి బోర్డు మీద ఎం.డి., డీవీఎల్ (చర్మవ్యాధుల స్పెషలిస్టు డిగ్రీ) ఉందో లేదో చూసుకుని వెళ్లాను. ఫీజు రూ.600. మేడమ్ గదిలో లైట్లు ఆపేసి, చిన్న టార్చి చెంప పక్కన అడ్డంగా పెట్టి చూశారు. అద్దం నా చేతికిచ్చి ఒక్కొక్కటీ చూపించారు. సూది గుచ్చినట్టు సన్నగా, లోతుగా ఉన్నవి ఐస్‌పిక్. అంచులు నిటారుగా, అడుగు చదునుగా ఉన్నవి బాక్స్‌కార్. అంచు తెలియకుండా అలలా పల్లంగా ఉన్నవి రోలింగ్. చర్మాన్ని రెండు వేళ్లతో సాగదీసి చూపించారు. సాగదీస్తే రోలింగ్ గుంతలు మాయమయ్యాయి, ఐస్‌పిక్‌లు కదల్లేదు. ఒక్కోదానికి ఒక్కో వైద్యం, ఒక్క మిషన్‌తో అన్నీ పోవు అన్నారు. నల్ల మచ్చ వేరు, గుంత వేరు అని కూడా అప్పుడే విడదీసి చెప్పారు. మచ్చ అంటే రంగు, క్రీముతో, కాలంతో పోతుంది. గుంత అంటే లోపల చర్మమే తగ్గిపోవడం, దాన్ని ఏ క్రీమూ పూడ్చదు.

ఫైల్ మీద "టైప్ 5" అని రాశారు. అది 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికన్ డాక్టర్ మొదలుపెట్టిన కొలత. ఎండకి చర్మం కమిలిపోతుందా, నల్లబడుతుందా అన్నదాన్ని బట్టి ఒకటి నుంచి ఆరు వరకు వేస్తారు. మనవాళ్లలో ఎక్కువమంది నాలుగు, ఐదుల్లోనే ఉంటారట. తర్వాత ప్రశ్నలు: దెబ్బ తగిలిన చోట మచ్చ ఉబ్బి పెరుగుతుందా, ఇంట్లో ఎవరికైనా కీలాయిడ్ (అలా గాయాన్ని దాటి గడ్డలా పెరిగే మచ్చ) ఉందా, పెదవి మీద జ్వరప్పొక్కులు వస్తాయా, ఐసోట్రెటినాయిన్ ఎప్పుడు ఆపారు, ఆస్పిరిన్ లాంటివి వాడుతున్నారా. మెడికల్ షాపులో ఎవరైనా ముఖం తెల్లబడటానికి క్రీము ఇచ్చారా అని గుచ్చి గుచ్చి అడిగారు. స్టెరాయిడ్ కలిసిన క్రీములు నెలల తరబడి రాసుకుని, చర్మం పల్చబడి, ఎర్రగా మండుతూ వచ్చేవాళ్లు రోజూ ఉంటారట. ఆ ముఖం మీద ముందు ఏమీ చేయలేరు, క్రీము మాన్పించడానికే నెలలు పడుతుందట.

"ఎప్పుడు మొదలుపెడదాం మేడమ్?" అంటే, "ఎండాకాలం అయ్యాక చూద్దాం. మీరు సైట్‌లో ఉంటారు కదా, ఇప్పుడు చేస్తే మళ్లీ నల్లబడతారు" అన్నారు. డబ్బు కడతానంటే వద్దన్న చోటు దొరికిందని మొదటిసారి నమ్మకం కలిగింది.

ఆ నాలుగైదు నెలలూ క్రీములే. రాత్రి ట్రెటినాయిన్ 0.025 శాతం, బఠాణీ గింజంత, మొదట రోజు మార్చి రోజు. పొద్దున అజలాయిక్ యాసిడ్, దాని మీద సన్‌స్క్రీన్. ట్రెటినాయిన్‌తో రెండు వారాలు మూతి పక్కన పొట్టు లేచింది, టమాటా పచ్చడి తగిలితే భగ్గుమనేది. తర్వాత అలవాటైంది.

సన్‌స్క్రీనే అసలు కష్టం. రెండు వేళ్ల పొడవునా గీత గీసి, అంతా ముఖానికి, మెడకి రాయాలి. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఏప్రిల్‌లో బెజవాడ ఎండలో, హెల్మెట్ కింద, చెమటతో. మొదట కొన్నది తెల్లగా తేలింది. మా మేస్త్రీ చూసి "సార్, ఇయ్యాల పౌడర్ ఎక్కువైనట్టుంది" అన్నాడు, కూలీలంతా నవ్వారు. మేడమ్‌కి చెబితే రంగు కలిసిన టింటెడ్ సన్‌స్క్రీన్ రాసిచ్చారు. అందులో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది. మన చర్మాన్ని నల్లబరిచేది అల్ట్రావయొలెట్ ఒక్కటే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా. దాన్ని మామూలు సన్‌స్క్రీన్ పెద్దగా ఆపదు, ఐరన్ ఆక్సైడ్ ఆపుతుంది. అది నా రంగులో కలిసిపోయింది. కాకపోతే చొక్కా కాలర్లన్నీ గోధుమరంగు అయ్యాయి, ఉతికినా సగమే పోయేది. ట్యూబు రూ.700 పైన, నెల కూడా రాదు.

జులైలో, ఆషాఢం వచ్చాక సబ్‌సిషన్ పెట్టారు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, ముఖం వాచినా అడిగేవాళ్లు తక్కువ అని నేనే ఆ నెల అడిగాను. మేడమ్ నవ్వారు గానీ చాలామంది ఇలాగే అడుగుతారన్నారు.

రోలింగ్ గుంతల కింద నారల్లాంటి పోగులు చర్మాన్ని లోపలికి పట్టి లాగుతుంటాయి. సూది లోపలికి పోనిచ్చి వాటిని తెంపడమే సబ్‌సిషన్. ముందు పెన్నుతో గుంతల చుట్టూ గీతలు గీశారు, తర్వాత మత్తు ఇంజెక్షన్లు. నొప్పి అంటే ఆ ఇంజెక్షన్లదే, కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత నొప్పి లేదు గానీ శబ్దం ఉంది. పోగులు తెగుతుంటే చెవి పక్కన పటపటమని వినిపిస్తుంది. దీని గురించి ఎవరూ చెప్పలేదు, ఒక్కసారిగా గుండె దడదడలాడింది. సిస్టర్ చెయ్యి పట్టుకుని "ఆ చప్పుడు రావాలి, వస్తేనే తెగినట్టు" అంది.

ఇంటికెళ్తే అమ్మ తలుపు తీసి, "ఏరా, డబ్బిచ్చి మరీ కొట్టించుకొచ్చావా?" అంది. రెండు బుగ్గలూ వాచి, కళ్ల కింద కమిలిపోయాయి. వాపు నాలుగు రోజులు, కమిలిన రంగు పది రోజుల పైన. ఎడమ బుగ్గలో చిన్న గడ్డలా ఒకటి నెల దాకా చేతికి తగిలింది. లోపల గడ్డకట్టిన రక్తమట, దానంతటదే కరిగింది. నేను అసలు ఊహించనిది బైక్ హెల్మెట్. లోపలి మెత్తలు సరిగ్గా బుగ్గల్నే నొక్కుతాయి. వారం రోజులు ఆటోలో తిరిగాను, ఆ ఖర్చు ఏ ఎస్టిమేట్‌లోనూ లేదు. సబ్‌సిషన్ ఒకసారికి రూ.8,000. తర్వాత ఇంకోసారి కూడా చేశారు.

ఆగస్టు చివర్లో ఐస్‌పిక్‌లకి టీసీఏ క్రాస్. గాఢమైన యాసిడ్‌ని పుల్ల మొనతో గుంత అడుగున మాత్రమే పెడతారు. ఏదో ప్రత్యేకమైన పరికరం ఉంటుందనుకుంటే, మేడమ్ చేతిలో ఉన్నది పళ్లు కుట్టుకునే పుల్ల. దాన్ని ఇంకా సన్నగా చెక్కారు. ముందు దవడ దగ్గర మూడు నాలుగు గుంతలకే పెట్టి పంపించేశారు. నెల ఆగి, నల్లబడలేదని చూసుకున్నాకే మిగతావాటికి చేశారు. పెట్టగానే చురుక్కున మంట, గుంత తెల్లగా మారుతుంది. నిమిషంలో మంట తగ్గుతుంది. మర్నాటికి ఒక్కో చుక్కా ముదురు గోధుమరంగు పెచ్చు కడుతుంది, ముఖమంతా మిరియాలు చల్లుకున్నట్టు తిరిగాను. గిల్లకూడదు. వారంలో రాలాయి. రాలిన కొత్తలో గుంతలు ముందుకంటే పెద్దవిగా కనిపించాయి. టెన్షన్ పడి ఫోన్ చేస్తే, అడుగు నుంచి నిండటానికి నెలన్నర పడుతుంది, అద్దం దగ్గరికి వెళ్లకండి అన్నారు. నిజంగానే ఆ తర్వాత వాటి లోతు తగ్గింది. ఒకసారికి రూ.2,500.

ఇక ఎంఎన్ఆర్ఎఫ్, అంటే సన్నటి సూదులు చర్మంలోకి దిగి, ఆ సూదుల కొసల దగ్గర రేడియో తరంగాల వేడి ఇచ్చే మిషన్. సూదులకి పైభాగంలో పూత ఉన్నవైతే వేడి పైచర్మానికి తగలదు, లోపలే ఉంటుంది. అందుకే మన రంగుకి లేజర్ కంటే ఇది క్షేమం అంటారు. అయినా నల్లబడే అవకాశం బొత్తిగా లేదని కాదు, మేడమ్ ఆ మాట చెప్పి సంతకం పెట్టించుకున్నారు.

మొదటిది అక్టోబరులో. పొద్దున్నే నున్నగా షేవ్ చేసుకుని రమ్మన్నారు, ట్రెటినాయిన్ వారం ముందే ఆపించారు. మత్తు క్రీము దట్టంగా పూసి, పైన పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి గంట కూర్చోబెట్టారు. మూతి మొద్దుబారిపోయి ఫోన్‌లో మాట్లాడితే మా సూపర్‌వైజర్ "తాగారా సార్?" అన్నాడు. బుగ్గల మీద ఓర్చుకోవచ్చు. కణతల దగ్గర, దవడ ఎముక మీద, ముక్కు పక్కన మాత్రం ప్రతి దెబ్బకీ కాలి వేళ్లు బిగిసేవి. ముక్కు దగ్గర చేస్తుంటే తుమ్ము వస్తుంది, ముందే చెయ్యి ఎత్తమన్నారు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

తర్వాత రెండు మూడు రోజులు ఎర్రగా ఉంటుందని ఇచ్చిన కాగితంలో ఉంది. నా ముఖం ఎర్రగా అవ్వలేదు, కందిపోయి ఇంకా నల్లగా అయింది. మళ్లీ పాత కథేనా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఫొటో పంపితే, మన రంగులో ఎరుపు ఇలాగే కనిపిస్తుంది, ముట్టుకుంటే వెచ్చగా ఉందా అని అడిగారు. ఉంది. మంట తగ్గేదాకా అది వాపే, నల్ల మచ్చ పడితే రెండు మూడు వారాలయ్యాక తెలుస్తుంది అన్నారు. నాలుగో రోజుకి తగ్గింది. గళ్లు గళ్లుగా సన్నటి పొక్కులు వారం ఉన్నాయి, చెయ్యి వేస్తే గరుకుగా తగిలేవి. మూడో వారం రోజూ పొద్దున లేవగానే అద్దమే. ఏ నలుపూ దిగలేదు.

సెషన్‌కి అప్పట్లో రూ.9,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. మామూలు వైద్యానికి జీఎస్టీ ఉండదు కదా అంటే, అందం కోసం చేసేవాటికి ఉంటుందన్నారు. ఇన్సూరెన్స్ కూడా వర్తించదు.

రెండోది నవంబరు చివర్లో పడాలి. నేను ఏటా అయ్యప్ప మాల వేస్తాను. మాలలో గడ్డం తీయకూడదు, మిషన్‌కి గడ్డం ఉండకూడదు. మేడమ్‌కి ఇబ్బందిగానే చెప్పాను. "దానికేముంది స్వామీ, కొలాజెన్ పెరగడానికి ఎలాగూ నెలలు పడుతుంది, శబరిమల వెళ్లి వచ్చాక చేద్దాం" అన్నారు. కొలాజెన్ అంటే చర్మాన్ని లోపల గట్టిగా నిలబెట్టే ప్రొటీన్. మాలలో ఉన్నన్నాళ్లూ క్రీములు మానకుండా వాడమన్నారు, భోగి మంట దగ్గర నిలబడొద్దన్నారు. సంక్రాంతి తర్వాత మళ్లీ మొదలుపెట్టి, ఆరేసి వారాలు ఆగుతూ ఎండలు ముదిరేలోపు ముగించాం. నాకు తేడా కనిపించింది కూడా మాల విరామంలోనే, సెషన్ అయిన వెంటనే కాదు. వెంటనే బాగున్నట్టు కనిపించేది వాపు. అది తగ్గాక మళ్లీ మొదటికొచ్చినట్టు ఉంటుంది, చాలామంది అక్కడే మానేస్తారట.

రంధ్రాల సంగతి. పోర్స్ మూసేస్తామని ప్రకటనలు చూసి నేనూ ఆశపడ్డాను. మేడమ్ ఒకటే చెప్పారు: అది వెంట్రుక మొదలు, నూనె బయటికొచ్చే దారి. ఆవిరి పడితే తెరుచుకోదు, ఐస్ పెడితే మూసుకోదు. నూనె తగ్గితే, చుట్టూ చర్మం బిగిస్తే చిన్నగా కనిపిస్తుంది, అంతే. నాకు బుగ్గల మీద తేడా తెలిసింది. ట్రెటినాయిన్, సాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్‌ల వల్ల ముక్కు మీద జిడ్డు తగ్గింది గానీ రంధ్రాలు అద్దంలో దగ్గరగా చూస్తే అలాగే ఉన్నాయి. దాని కోసం విడిగా డబ్బు పెట్టమంటే నేను పెట్టను.

2025 జూన్‌లో అదే గదిలో, అదే గోడ ముందు, అదే లైటుతో తీసిన ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించారు. రోలింగ్ గుంతలు సగం పైనే లేచాయి. ఐస్‌పిక్‌లు చాలావరకు పైకొచ్చాయి. కుడి కణత మీద బాక్స్‌కార్ గుంతలు మూడు మాత్రం పెద్దగా కదల్లేదు. ఆఫీసు ట్యూబ్‌లైటు నెత్తి మీద ఉంటే ఇప్పటికీ బుగ్గల్లో నీడలు పడతాయి. ఎదురుగా కూర్చున్నవాళ్లకి కనిపించడం లేదు, చెల్లి అయితే "ముఖం తేటగా ఉందన్నయ్యా" అంది. ఆమెకి ఈ వైద్యం సంగతి తెలియదు. విజయవాడలో క్రీములతో కలిపి రూ.70,000 దాటింది.

కదలని ఆ మూడు బాక్స్‌కార్ గుంతలకి పంచ్ ఎక్సిషన్ అని చిన్న కోత పెట్టి తీసి, కుట్టు వేస్తారట. వారంలోపు కుట్లు తీసేస్తారు. గుంత పోయి సన్నటి గీత మిగులుతుంది, ఆ గీత నల్లబడుతుందో లేదో ముందు ఒక్కదానికి చేసి చూద్దామన్నారు. నేను ఇంకా సరే అనలేదు. రాత్రి ట్రెటినాయిన్, పగలు టింటెడ్ సన్‌స్క్రీన్ మాత్రం నడుస్తున్నాయి. సైట్‌కి తెల్ల చొక్కాలు వేసుకోవడం మానేశాను.